ఫోమ్ బోర్డ్ స్పిట్‌ఫైర్: అందమైన రెక్క, పొట్టి ముక్కు, కటింగ్‌కు ముందే వేసుకోవాల్సిన లెక్క

నమస్కారం. ఫోమ్ బోర్డ్‌తో, రిమోట్‌తో ఎగిరే వార్‌బర్డ్ (పాత యుద్ధ విమానం) మోడల్ కట్టాలనుకుంటే కళ్లు ముందు పడేది రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్ మీదే. ఆ దీర్ఘవృత్తాకారపు రెక్కకు సాటి లేదు. కానీ మోడల్‌గా కట్టేటప్పుడు ఏడిపించేదీ ఆ రెక్కే, దానికి తోడు పొట్టి ముక్కు. ఈ రెండింటి సంగతీ కట్టర్ పట్టుకోకముందే, డ్రాయింగ్ దగ్గరే తేల్చుకోవాలి.

ముందు ఏ మార్క్ (అంటే ఏ రకం) కట్టాలో చూద్దాం. 1936 మార్చి 5న మొదటిసారి ఎగిరిన ఆర్.జె. మిచెల్ డిజైన్‌కు తర్వాత చాలా మార్కులొచ్చాయి. మార్క్ 1, మార్క్ 5 పొడవు 9.12 మీటర్లు. మార్క్ 9కి పెద్ద మెర్లిన్ ఇంజిన్ రావడంతో అది 9.47 మీటర్లయింది, పెరిగిందాంట్లో ఎక్కువ భాగం ముక్కులోనే. రెక్కల పొడవు మాత్రం అదే 11.23 మీటర్లు. కాబట్టి మా మాట వింటే మార్క్ 9 కట్టండి, లేదా దాని దగ్గరి చుట్టం మార్క్ 8. మోడల్‌లో ముక్కు ఒక అంగుళం పెరిగినా బ్యాటరీ అంత ముందుకు జరుగుతుంది, తోకకు సరితూగడానికి ముక్కులో పెట్టే సీసం తగ్గుతుంది. 1944లో మన వాయుసేన 8వ స్క్వాడ్రన్ చేతికొచ్చింది మార్క్ 8, కాబట్టి రంగులకూ మంచి కారణం దొరుకుతుంది. బర్మా వైపు ఎగిరిన ఆ విమానాల గుండ్రటి గుర్తులో ఎరుపు ఉండదు. జపాన్ విమానమని పొరబడకుండా ముదురు నీలంలో లేత నీలం వేసేవారు.

స్కేల్ 1:11. అంటే రెక్కల పొడవు 1021 మిల్లీమీటర్లు, విమానం పొడవు 861. రెక్క వైశాల్యం సుమారు 18.6 చదరపు డెసిమీటర్లు. బ్యాటరీతో కలిపి మొత్తం బరువు 800 గ్రాములు దగ్గర ఆపాలి, 900 దాటనివ్వకండి. 800 గ్రాముల విమానం గంటకు 30 కిలోమీటర్ల దగ్గర స్టాల్ అవుతుంది, అంటే వేగం చాలక రెక్క విమానాన్ని మోయలేకపోతుంది. అదే విమానం 1100 గ్రాములైతే ఆ వేగం 35. తేడా ఐదే కదా అనిపిస్తుంది. కానీ బరువూ వేగమూ రెండూ పెరిగాయి కాబట్టి నేలకు తగిలేటప్పటి శక్తి దాదాపు రెట్టింపవుతుంది. 800 గ్రాముల విమానం గడ్డిలో జారి ఆగే చోట 1100 గ్రాములది ముక్కు విరగ్గొట్టుకుంటుంది.

బరువు మొదలయ్యేది షాపులోనే. సన్‌బోర్డ్ అని అడిగితే చాలాచోట్ల పీవీసీ షీట్ చేతిలో పెడతారు. సైన్‌బోర్డులకు వాడేది అది. మనకు కావలసిన దానికన్నా ఎన్నో రెట్లు బరువు, అస్సలు పనికిరాదు. రెండు పక్కలా పేపరు, మధ్యలో నొక్కితే గోరు దిగే మెత్తటి ఫోమ్ ఉన్న 5 మిల్లీమీటర్ల బోర్డు అడగండి. అమెరికాలో ఉన్నవాళ్లకు డాలర్ ట్రీలో దొరికే 20×30 అంగుళాల షీటు సుమారు 115 గ్రాములుంటుంది. ఇక్కడ కొనేది దానికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. వంటింటి డిజిటల్ కాటా మీద ప్రతి షీటూ తూచండి. ఆ సైజువి మూడు షీట్లు పడతాయి, నాలుగోది చేతిలో ఉంచుకోండి.

ఇక రెక్క. దీర్ఘవృత్తాకారపు రెక్క రూట్ (రెక్క మొదలు) నుంచి టిప్ (రెక్క కొస) దాకా దాదాపు ఒకేసారి స్టాల్ అయ్యే స్వభావం ఉన్నది. అసలు విమానంలో రూట్ దగ్గర రెక్క కోణం 2 డిగ్రీలు, టిప్ దగ్గర మైనస్ అర డిగ్రీ. ఇలా టిప్‌ను కిందికి మెలితిప్పడమే వాష్‌అవుట్. మోడల్‌కు ఇది ఇంకా అవసరం, ఎందుకంటే సన్నటి టిప్ మీద తక్కువ వేగంలో గాలి త్వరగా విడిపోతుంది. వాష్‌అవుట్ లేకపోతే నెమ్మదిగా తిప్పిన మలుపులో ఒక టిప్ ముందు పడిపోతుంది, విమానం వెల్లకిలా తిరుగుతుంది, అది కూడా సరిగ్గా ల్యాండింగ్‌కు వచ్చేటప్పుడే.

కింది షీటు ప్లాన్ ప్రకారం కోయండి. పై షీటు రూట్ దగ్గర 9 మిల్లీమీటర్లు వెడల్పుగా కోయాలి, వంపులో ఆ పొడవు ఖర్చవుతుంది. పై షీటుకు లోపలి పక్క పేపరు తడిపి ఒలిచేసి, పీవీసీ పైపు మీద మెల్లగా దొర్లించి వంచండి. పేపరు ఒలవకుండా వంచితే షీటు గీతలు గీతలుగా విరుగుతుంది. ముందు అంచు నుంచి రెక్క వెడల్పులో పావు వంతు దగ్గర స్పార్ (రెక్క లోపల పొడవునా నిలబెట్టే పట్టీ) వస్తుంది. దాని ఎత్తు రూట్ దగ్గర 18 మిల్లీమీటర్లు, అక్కణ్నించి తగ్గుతూ 420 మిల్లీమీటర్ల దూరానికి 2 అవ్వాలి. పై షీటును ఒకే ముక్కగా మాత్రం వేయకండి. రూట్ నుంచి 300 మిల్లీమీటర్ల తర్వాత అంచు బాగా వంపు తిరుగుతుంది, ఫోమ్ బోర్డు రెండు దిక్కులా ఒకేసారి వంగదు, ముడతలు పడుతుంది. అక్కడ కోసి రెండు ముక్కలుగా అతికించండి.

పై షీటు అతికించే ముందు కింది షీటును బల్ల మీద పరిచి, 420 మిల్లీమీటర్ల దగ్గర ట్రెయిలింగ్ ఎడ్జ్ (రెక్క వెనక అంచు) కింద ఒక ఫోమ్ బోర్డు ముక్క దోపండి. అక్కడ రెక్క వెడల్పు 130, ముక్క మందం 5, అంటే రెండు డిగ్రీల పైచిలుకు వాష్‌అవుట్ వచ్చినట్టే. జిగురు పూర్తిగా గట్టిపడేదాకా బరువు పెట్టి కదపకండి. రెండో రెక్కకూ అదే ముక్క, అదే చోటు. రెండు రెక్కల మెలిక సమానంగా లేకపోతే రిమోట్‌లో చేసే ఏ ట్రిమ్మూ (చిన్న సర్దుబాటూ) దాన్ని సరిచేయదు.

డైహెడ్రల్, అంటే రెక్కలు పైకి లేచి ఉండే కోణం, ఒక్కో రెక్కకు 6 డిగ్రీలు. ఒక రెక్కను బల్లకు ఆనించి పెడితే రెండోదాని టిప్ 106 మిల్లీమీటర్లు పైకి లేవాలి. ఈ జాయింటుకూ మోటార్ మౌంటుకూ ఎపాక్సీ వాడండి. హాట్ గ్లూ మిగతా చోట్ల చాలు. మే నెల ఎండలో మూసి ఉంచిన కారులో హాట్ గ్లూ మెత్తబడి మోటారు కోణం జారిపోతుంది. మామూలు సూపర్ గ్లూ, స్ప్రే పెయింటు తగిలితే ఫోమ్ కరిగిపోతుంది, రంగుకు నీళ్లలో కలిపే యాక్రిలిక్ తీసుకోండి.

మోటారు 2217 సైజు, 1100 నుంచి 1200 కేవీ (ఒక్కో వోల్టుకు నిమిషానికి తిరిగే చుట్లు). 9×6 అంగుళాల ప్రొపెల్లర్, 30 యాంప్ ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నడిపే సర్క్యూట్), 3ఎస్ (మూడు సెల్స్) 2200 ఎంఏహెచ్ లిపో బ్యాటరీ, 9 గ్రాముల సర్వోలు (రెక్కలు, తోక మీది పలకలను కదిపే చిన్న మోటార్లు) నాలుగు. అసలు విమానానికి నాలుగు బ్లేడ్లున్నా ఎగరడానికి రెండు బ్లేడ్లదే పెట్టండి, నాలుగు బ్లేడ్లది షెల్ఫ్‌లో పెట్టినప్పుడు మార్చుకోవచ్చు. మోటారును 2 డిగ్రీలు కుడికి, 2 డిగ్రీలు కిందికి తిప్పి బిగించాలి. లేదంటే థ్రాటిల్ ఇచ్చిన ప్రతిసారీ ముక్కు ఎడమకు, పైకి లాగుతుంది.

తోకలో పెరిగే ప్రతి గ్రాముకూ ముక్కులో రెండున్నర నుంచి మూడు గ్రాముల సీసం పెట్టాల్సి వస్తుంది. అందుకే తోకకు ఒకే పొర ఫోమ్ బోర్డు, మధ్యలో వెదురు పుల్ల, అంతకుమించి ఏమీ వద్దు. ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక), రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పేది) సర్వోలు రెక్క పైనే పెట్టి సన్నటి తీగతో లాగండి. తోకకు రంగు ఒక్క కోటే. చక్రాలు కూడా వదిలేయండి. అసలు స్పిట్‌ఫైర్ చక్రాలే దగ్గరదగ్గరగా ఉండి నేల మీద ఊగేవి, మోడల్‌లో గడ్డి మీద బోల్తా కొడతాయి. చేత్తో విసరండి, పొట్ట మీద దించండి.

బరువు కేంద్రం రూట్ లీడింగ్ ఎడ్జ్ (ముందు అంచు) నుంచి వెనక్కి 58 మిల్లీమీటర్లు. మొదటి ఫ్లైట్‌కు 55 దగ్గర పెట్టండి. విమానాన్ని తలకిందులుగా రెండు వేళ్ల మీద నిలబెట్టి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. ఎలివేటర్ కదలిక పైకీ కిందికీ 10 మిల్లీమీటర్లు, ఐలరాన్‌ది (విమానాన్ని పక్కకు వాల్చే రెక్క పలక) 12, రెండిటికీ 30 శాతం ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో స్పందనను మెత్తబరిచే రిమోట్ సెట్టింగ్).

ఎగరేసే చోటు డిజిటల్ స్కై మ్యాప్‌లో (ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ ఆన్‌లైన్ మ్యాప్) చూసి, ఎయిర్‌పోర్టు పరిధిలో లేదని తేల్చుకున్నాకే బయల్దేరండి. రిసీవర్‌కు రేంజ్ టెస్టు చేసి, ఐలరాన్ దిశ విమానం వెనక నిలబడి చూడండి: కుడికి స్టిక్ వేస్తే కుడి ఐలరాన్ పైకి లేవాలి. విసిరేవాళ్ల చెయ్యి ప్రొపెల్లర్‌కు వెనకే ఉండాలి. ముప్పావు థ్రాటిల్, గాలికి ఎదురుగా, రెక్కలు సమంగా, ముక్కు పైకెత్తకుండా తిన్నగా ముందుకు. విడిచాక వేగం పుంజుకునేదాకా ఎలివేటర్ లాగకండి.

మొదటి బ్యాటరీలో లూపులూ రోల్సూ వద్దు. బాగా ఎత్తుకు తీసుకెళ్లి, థ్రాటిల్ పూర్తిగా తగ్గించి, రెక్కలు సమంగా ఉంచుతూ ఎలివేటర్ మెల్లగా లాగండి. ముక్కు తిన్నగా వాలితే రెక్క బాగా వచ్చినట్టు. ప్రతిసారీ ఒకే పక్కకు దొర్లితే ఆ పక్క టిప్‌కు వాష్‌అవుట్ తక్కువైంది. దించేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా ఆపకుండా కొంచెం ఉంచి, చివరి మలుపును వెడల్పుగా తిప్పండి. ఇంటికొచ్చాక ఆ టిప్‌ను హీట్ గన్‌తో కొద్దిగా వేడి చేసి, ట్రెయిలింగ్ ఎడ్జ్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి మెలితిప్పి, చల్లారేదాకా పట్టుకోండి.