కాకినాడ తీరం ఎలా తిరగాలి? ఓడరేవు, మడ అడవి, గ్యాసు ఒడ్డు

[దృశ్యం: పైనుంచి కాకినాడ అఖాతం. దూరంగా లంగరేసిన ఓడలు, దక్షిణాన పచ్చటి మడ అడవి]

నమస్కారం. కాకినాడ వెళ్లినవాళ్లలో చాలామంది బీచ్‌లో కాసేపు కూర్చుని, కాజా కొనుక్కుని వచ్చేస్తారు. ఈ తీరం అంతకన్నా చాలా పెద్దది. ముందు మ్యాప్ చూద్దాం.

[దృశ్యం: మ్యాప్. హోప్ ఐలాండ్ మీద గుర్తు]

ఊరికి ఎదురుగా సముద్రంలో ఉత్తరానికి సాగిన ఈ సన్నటి ఇసుక తిన్నె కనిపిస్తోంది కదా, ఇదే హోప్ ఐలాండ్. గోదావరి తెచ్చి పోసిన ఇసుకను కెరటాలు ఉత్తరం వైపు నెట్టుకుంటూ పోతే, సుమారు 200 ఏళ్లలో 16 కిలోమీటర్ల పొడవున పెరిగింది. బంగాళాఖాతం కెరటాలు ముందు దీన్ని కొడతాయి. అందుకే దీని వెనకాల నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. ఆ నెమ్మది వల్లే ఓడలు ఇక్కడ లంగరేస్తాయి, ఆ నెమ్మది వల్లే గోదావరి ఒండ్రు అడుగుకి దిగి మడ అడవి పెరుగుతుంది. రేవూ అడవీ ఒకదాని పక్కన ఒకటి ఉండటం యాదృచ్ఛికం కాదు, రెండూ ఆ ఇసుక చలవే. ఈ తీరంలో ఏది చూసినా నాకు ముందు ఆ తిన్నే గుర్తొస్తుంది.

[దృశ్యం: సామర్లకోట జంక్షన్ బోర్డు, ఆటోలు]

చేరుకోవడం సులువే. హైదరాబాద్ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా కాకినాడలో దిగొచ్చు. కాకినాడ మెయిన్ లైన్ మీద లేదు కాబట్టి విశాఖ, విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లు సామర్లకోట జంక్షన్‌లో దిగండి. అక్కడి నుంచి 15 కిలోమీటర్లు, బస్సులకీ ఆటోలకీ కొదవ లేదు. విమానమైతే రాజమండ్రి దగ్గర మధురపూడిలో దిగాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తిరగడానికి హాయిగా ఉంటుంది. నవంబరు తుఫాన్ల నెల కూడా కాబట్టి వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకునే బయల్దేరండి.

[దృశ్యం: కోరంగి చెక్క వంతెన, కింద బురదలో పైకి లేచిన వేళ్లు]

మొదటి రోజు దక్షిణానికి, కోరంగి మడ అడవి వైపు యానాం రోడ్డు పట్టుకుందాం. ఇది 216 నంబరు జాతీయ రహదారి. యానాం బస్సు ఏదెక్కినా చొల్లంగి మీదుగానే పోతుంది. పుష్య బహుళ అమావాస్య, అంటే చొల్లంగి అమావాస్య నాడు మాత్రం ఈ దారి స్నానాలకొచ్చే జనంతో నిండిపోతుంది. గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్రలో తొలి స్నానం ఇక్కడే మరి. ఆ రోజున అడవి కోసం వస్తే ఇబ్బంది పడతారు. యాత్ర కోసమైతే ఆ రోజే రావాలి.

కోరంగి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. లోపల చెక్క వంతెన మీద నడుస్తూ ఒక్కసారి కిందికి చూడండి. బురదలోంచి పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చినవన్నీ మడచెట్ల శ్వాస వేళ్లు. ఆ బురదలో గాలి ఆడదు కాబట్టి వేళ్లు పైకొచ్చి ఊపిరి తీసుకుంటాయి. పక్కనే తిల్ల చెట్టు ఉంటుంది. దాని ఆకు తుంచొద్దు, కొమ్మ విరవొద్దు, పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలతో వెళ్తే ఈ మాట ముందే చెప్పండి.

ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం పోటూ పాటూ. రోజుకి రెండుసార్లు నీరు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. ఆ వేళలు రోజూ ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. పోటు మీద వెళ్తే పడవ కాలవల్లోకి బాగా లోపలికి పోతుంది. పాటులో నీళ్లు దిగిపోయి పడవ షికారు ఉండకపోవచ్చు. అలాగని పాటు వేళ వృథా కాదు. బురద బయటపడినప్పుడే పీతలు, గెంతే బురద చేపలు, వాటి కోసం దిగే కొంగలు కనిపిస్తాయి. పడవ కావాలా, పిట్టలు కావాలా అన్నది ముందే తేల్చుకుని, ఆ రోజు పోటు వేళ కనుక్కుని బయల్దేరండి. నన్నడిగితే పాటు వేళ చెక్క వంతెన మీద నడకకే నా ఓటు.

ఈ అడవిలో బావురుపిల్లులున్నాయి, నీటికుక్కలున్నాయి. బావురుపిల్లి రాత్రి వేటకొచ్చే జంతువు, పగలు కనిపిస్తుందని ఆశ పెట్టుకోకండి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఇదే హోప్ ఐలాండ్ ఇసుక మీదికి వస్తాయి. ఆ నెలల్లో ద్వీపం మీద అడుగు ఎక్కడ వేస్తున్నారో చూసుకోవాలి.

[దృశ్యం: కోరంగి ఊరు, ఏటి ఒడ్డున నాటు పడవలు]

కోరంగి ఊళ్లో ఒక్క నిమిషం ఆగుదాం. ఒకప్పుడు ఇది ఓడలు కట్టిన రేవు. ఇక్కడి నుంచి రంగూన్ వెళ్లినవాళ్లు ఎంతమందంటే, బర్మాలో తెలుగువాళ్లకి 'కోరంగీలు' అనే పేరే పడిపోయింది. 1839 తుఫాను ఈ రేవును దెబ్బతీసింది.

ఇంకాస్త ముందుకెళ్తే తాళ్లరేవు. ఈ మండలంలోనే గాడిమొగ దగ్గర కేజీ-డీ6, అంటే కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డీ6 బ్లాకు, సముద్రపు గ్యాసు ఒడ్డుకి చేరుతుంది. 2009 ఏప్రిల్‌లో మొదలైంది. శుద్ధి చేసిన గ్యాసు ఇక్కడి నుంచి సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టంలో గుజరాత్ దాకా పోతుంది. మడ అడవికి ఇంత దగ్గరలో ఇంత పెద్ద కేంద్రం ఉందంటే, ఇక్కడ చేపలూ పీతలూ పట్టుకుని బతికే కుటుంబాల మాటకు విలువ ఉండాలి. లోపలికి ప్రవేశం లేదు. గేటు దగ్గర కెమెరాలు, డ్రోన్లు బయటికి తీయకండి.

యానాం కాకినాడకి సుమారు 30 కిలోమీటర్లు. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉంది, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. సాయంత్రం గౌతమి ఒడ్డున కూర్చోండి. వరద రోజుల్లో వచ్చారంటే మార్కెట్‌లో పులస ధర వినడానికైనా ఓసారి వెళ్లాలి.

[దృశ్యం: జగన్నాథపురం వంతెన, ఉప్పుటేరులో పడవలు. తర్వాత బియ్యం బస్తాలతో బార్జి]

రెండో రోజు రేవు వైపు. జగన్నాథపురం వంతెన మీద నిలబడితే ఉప్పుటేరులో వేట పడవలు బారులు తీరి ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకి వేట నిషేధం, అన్నీ ఒడ్డునే కనిపిస్తాయి. అఖాతంలో లోతు తక్కువ కాబట్టి పెద్ద ఓడలు దూరంగానే ఆగుతాయి, బియ్యం బస్తాలు బార్జిల మీద వాటి దగ్గరికి వెళ్తాయి. డెల్టా బియ్యం ఆఫ్రికా చేరడానికి ఇదొక దారి. నేరుగా ఒడ్డుకొచ్చే ఓడల కోసం 1997లో డీప్ వాటర్ పోర్టు మొదలైంది. పోర్టు లోపలికి మనల్ని పోనివ్వరు. బీచ్ రోడ్డులో వాకలపూడి మీదుగా వెళ్తే ఎరువుల కర్మాగారాలు, వంటనూనె శుద్ధి కేంద్రాలు దారి పొడవునా బయటి నుంచే కనిపిస్తాయి. లారీల రోడ్డు కాబట్టి బైక్ మీద వెళ్లేవాళ్లు జాగ్రత్త.

[దృశ్యం: ఉప్పాడ తీరం, రాళ్ల కట్ట మీద విరుగుతున్న కెరటం]

ఇదే రోడ్డు ఉప్పాడ చేరుస్తుంది. హోప్ ఐలాండ్ నీడ ఇక్కడిదాకా రాదు, కెరటం నేరుగా ఊరిని కొడుతుంది. ఎగువన ఆనకట్టల్లో ఆగిపోయిన ఒండ్రు, తీరం వెంట మారిన ఇసుక నడక, ఇవన్నీ కలిసి ఇక్కడ ఒడ్డును తినేస్తున్నాయి. ఇళ్లూ గుళ్లూ సముద్రంలో కలిసిపోయాయి. తుఫాను తర్వాత ఈ ఇసుకలో బంగారం రవ్వలు వెతుక్కునే మనుషుల్ని వార్తల్లో చూసే ఉంటారు. దయచేసి ఆ కూలిన గోడల ముందు నవ్వుతూ సెల్ఫీలు దిగకండి, అవి ఒకరి ఇళ్లు.

ఉప్పాడలో జాందానీ చీరలు నేసే మగ్గం తప్పకుండా చూడండి. బుటా ఒక్కొక్కటీ చేత్తో పోగు దూర్చి నేస్తారు, వెనకవైపు కూడా అంతే శుభ్రంగా ఉంటుంది. భౌగోళిక గుర్తింపు ఉన్న చీర ఇది. నేసినవాళ్ల దగ్గరే కొనగలిగితే మంచిది.

తుఫాను రోజుల్లో బీచ్ రోడ్డు మూసేస్తారు. అప్పుడు పిఠాపురం మీదుగా రావాలి. తిరుగు ప్రయాణానికీ నా సలహా అదే. మళ్లీ కాకినాడ వెళ్లకుండా ఉప్పాడ నుంచి పిఠాపురం బస్సెక్కండి, కుక్కుటేశ్వరుణ్ణి చూసుకోండి. పిఠాపురం స్టేషను హౌరా–చెన్నై మెయిన్ లైన్ మీదే ఉంది. మీ రైలు అక్కడ ఆగుతుందో లేదో చూసుకుని టికెట్ తీసుకోండి. ఆగకపోతే సామర్లకోట పక్కనే.