ఎముక పొడిలో చిటికెడు వెండి

(తెర మీద: ఊరి బోరింగు, పక్కనే గార పళ్ల క్లోజప్)

నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ల గురించి వినని తెలుగువాళ్లు ఉండరు. ఆ ఫ్లోరైడ్ ఎముకలో దూరి ఏం చేస్తుంది? మన ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజమే. అది హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ కోవకు చెందింది. అందులో హైడ్రాక్సిల్ (OH) అయాన్, అంటే విద్యుదావేశం ఉన్న ముక్క, ఉండాల్సిన చోట ఫ్లోరైడ్ వచ్చి కూర్చుంటుంది. ఇలా ఒక అయాన్ సీట్లో ఇంకో అయాన్‌ను కూర్చోబెట్టడమే డోపింగ్. ఆటగాళ్ల డోపింగ్ కాదండోయ్!

(తెర మీద: ల్యాబ్‌లో తెల్లటి పొడి)

ల్యాబ్‌లో ఇదే పని కావాలని చేస్తారు. హైడ్రాక్సీఅపటైట్‌ను కంటికి కనిపించనంత సన్నటి నానో రేణువులుగా తయారుచేస్తూ, కొన్ని కాల్షియం అయాన్ల బదులు వెండినో, జింక్‌నో, స్ట్రాన్షియంనో పెడతారు. వెండి ఎందుకంటే, ఇంప్లాంట్ (ఒంట్లో అమర్చే కృత్రిమ భాగం) మీద పూతగా వేస్తే బాక్టీరియాను చంపుతుందని. చిక్కల్లా, వెండి ఎక్కువైతే మన కణాలనూ వదలదు. ఫ్లోరైడ్ కథా ఇంతేగా: టూత్‌పేస్ట్‌లో పంటికి బలం, తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పు.

అన్నట్టు, తెలుగులో సెల్‌నీ కణమే అంటాం, పార్టికల్‌నీ కణమే అంటాం. గందరగోళం లేకుండా ఇక్కడ సెల్ అంటే కణం, పార్టికల్ అంటే రేణువు.

(తెర మీద: 96 గుంటల ప్లేటు, పసుపు ఊదాగా మారుతూ)

మరి ఈ రేణువులు మన కణాలకు హాని చేస్తాయో లేదో ఎలా తేలుస్తారు? మొదటి పరీక్ష పేరు ఎమ్‌టీటీ. ఎలుక కణాలను రేణువులతో కలిపి ఉంచి, పసుపు రంగు రసాయనం పోస్తారు. బతికున్న కణాలు దాన్ని ఊదాగా మారుస్తాయి. రేణువులు కలపని గుంటతో పోలిస్తే బతికినవి 70 శాతం కన్నా తగ్గాయా, ఐఎస్ఓ 10993-5 అనే అంతర్జాతీయ ప్రమాణం లెక్కలో అది విషమే.

నన్నడిగితే అసలు మోసం ఇక్కడే ఉంది. నానో రేణువులు తామే రంగును పీల్చుకోవచ్చు, లేదా కాంతిని చెదరగొట్టవచ్చు. చచ్చిన కణాలు బతికున్నట్టూ, బతికున్నవి చచ్చినట్టూ అంకెలు వస్తాయి. అందుకే కణాలు లేకుండా ఉత్త రేణువులు వేసిన గుంట ఒకటి పక్కన ఉండాలి. ఆ గుంట లేని ఫలితాన్ని నేను నమ్మను.

తర్వాత రక్తంతో పరీక్ష. ఎర్ర కణాలు 5 శాతం కన్నా ఎక్కువ పగిలితే ఆ రేణువుకు రక్తం దగ్గర పని లేదు.

ఇవన్నీ పాసైనా, ప్లేటులో గడిచింది ఒకటి రెండు రోజులే. పూత నుంచి ఊడిన రేణువు రక్తంలో పడితే, ఎక్కువగా కాలేయం, ప్లీహంలోని మాక్రోఫేజ్‌లకు, అంటే బయటి సరుకును మింగేసే రక్షక కణాలకు, చిక్కుతుంది. వాటి లోపల ఆమ్ల వాతావరణం. అక్కడ అపటైట్ కరుగుతుంది, వెండి బయటికొస్తుంది. అందుకే జంతు పరీక్షల్లో వారాల తర్వాత ఆ రెండు అవయవాల్లో ఎంత వెండి పోగుపడిందో కొలుస్తారు.