ముఖం పక్కన ఏది నిలుస్తుంది?

(హనుమకొండలో చిత్రకళా విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

పొద్దున మీరు పని చేస్తున్నప్పుడు నేను మీ బల్లల మధ్య కాసేపు తిరిగాను. ఒకరు తాతగారి రూపచిత్రానికి పాత దినపత్రిక ముక్కలతో తలపాగా చుడుతున్నారు. ఒకరు అమ్మ చీర అంచును కత్తిరించి మెడకింద అతికించారు. మరొకరి బొమ్మలో గుండీలు, ఈకలు, తాళంచెవి, సినిమా టికెట్టు, ఎండిన ఆకు అన్నీ ఉన్నాయి గానీ, అది ఎవరి బొమ్మ అని అడిగితే కొంత ఆలోచించి చెప్పవలసి వచ్చింది. ఆ విద్యార్థిని నొప్పించడానికి ఈ మాట అనడం లేదు. ఆ వయసులో నేను అంతకంటే ఎక్కువే అతికించాను. మిశ్రమ మాధ్యమంలో, అంటే రంగుతోపాటు కాగితం, గుడ్డ, ఆకు వంటి పదార్థాలను కలిపి, రూపచిత్రం చేసేవారు చేతిలోకి తీసుకున్న ప్రతి వస్తువు దగ్గరా ఆగి, ఇది ఈ మనిషి ముఖం పక్కన నిలుస్తుందా, ఈ కాగితం మీద నిలుస్తుందా అని రెండుసార్లు అడగాలి. మొదటిది అర్థానికి సంబంధించిన ప్రశ్న, రెండోది బంకకు సంబంధించిన ప్రశ్న. మొదటిదాని గురించి మనం గంటలకొద్దీ మాట్లాడతాం. రెండోదాన్ని రంగుల దుకాణం వారికి వదిలేస్తాం.

చిత్రకళా చరిత్ర పాఠాల్లో ఈ పద్ధతికి 1912ను తొలి మెట్టుగా చూపుతారు. ఆ ఏడాది పారిస్‌లో పనిచేస్తున్న చిత్రకారుడు పికాసో ఒక అండాకారపు చిత్రంలో, కుర్చీ పేము అల్లికను అచ్చువేసిన నూనెగుడ్డను అతికించి, చుట్టూ అంచుగా నిజమైన తాడును బిగించాడు. అదే ఏడాది ఆయన మిత్రుడైన చిత్రకారుడు బ్రాక్ చెక్క చారలను అచ్చువేసిన గోడకాగితాన్ని బొగ్గు గీతల మధ్య అతికించాడు. పికాసో చిత్రంలో పేము నిజం కాదు, అచ్చు. తాడు మాత్రం నిజం. ఏది వస్తువో, ఏది వస్తువు బొమ్మో తేల్చుకొమ్మని వారు చూసేవారి కంటికి పరీక్ష పెట్టారు. అయితే అవి బల్లమీది వస్తువుల చిత్రాలు. ముఖం దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది, ఎందుకంటే పండ్ల పళ్లెం తన పోలిక వచ్చిందా లేదా అని ఎవరినీ నిలదీయదు.

ఎన్నో పదార్థాలను కలిపి ఒక బొమ్మను నిలబెట్టే విద్యకు మనం పారిస్ దాకా వెళ్లవలసిన అవసరం కూడా లేదు. 2016 దాకా మన వరంగల్ జిల్లాలోనే ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి వెళ్లిన చేర్యాలలో, కథల పటాలు గీసే నకాషీల ఇంటికి పోయి చూడండి. ఖద్దరు గుడ్డ మీద రంగు వేయడానికి ముందే వారి పని సగం అయిపోతుంది. చింతగింజలను నానబెట్టి, నూరి, ఉడికించిన అంబలిలో బియ్యపు గంజి, సుద్దమట్టి, బంకనీళ్లు కలిపి గుడ్డకు పూస్తారు. ఆరిన తరువాత మళ్లీ పూస్తారు. అది ఆరాక మూడోసారి పూస్తారు. ఇంత శ్రమ దేనికంటే, ఆ పటం గోడకు వేలాడి ఊరుకునేది కాదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు దాన్ని ఊరూరా మోసుకుపోయి, కథ నడిచినకొద్దీ విప్పుతూ చుడుతూ ఉంటారు. మట్టి ఎక్కువైతే మడత దగ్గర పెచ్చు లేస్తుంది, బంక ఎక్కువైతే పటం అట్టలా బిగుసుకుపోతుంది. అదే చింతగింజల అంబలిలో రంపపు పొట్టు కలిపి కొబ్బరి చిప్ప మీద మెత్తితే ముక్కూ చెంపలూ ఉబ్బెత్తుగా లేచి మాస్కు తయారవుతుంది. ఒకే అంబలి ఒకచోట అడుగుపూత, మరొకచోట ముఖానికి కండ. మిశ్రమ మాధ్యమం గురించి నాకు తెలిసిన మొట్టమొదటి మంచి పాఠం ఇదే. దాన్ని నేను ఆలస్యంగా నేర్చుకోవడం నా తప్పు.

ఆ తప్పు సంగతి చెబుతాను. మెట్‌పల్లి దగ్గరి ఊళ్లో మా చిన్నమ్మ నలభై ఏళ్లకు పైగా బీడీలు చేసింది. చదువు ముగించి వచ్చిన కొత్తలో, ఆమె బ్రతుకంతా బీడీ చుట్టే తునికాకులోనే ఉంది కాబట్టి ఆమె ముఖాన్ని తునికాకుతోనే చేయాలని నిశ్చయించుకుని, పలుచని డ్రాయింగు కాగితం మీద బొగ్గుతో పోలిక తీసి, చెంపలకు, నుదుటికి ఆకు ముక్కలను మైదా అంబలితో అతికించాను. చూసిన మిత్రులు మెచ్చుకున్నారు. చిన్నమ్మ మాత్రం చాటను ఒళ్లోంచి దించి, బొమ్మను చాలాసేపు చూసి, “నేనే గని, నా చేతులేవి కొడుకా? ఆకు మొకానికెందుకు పెట్టినవు?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆకును ముఖానికి అతికించడంలో ఆమె పనిని నేను పొగిడాననుకున్నాను గానీ, ఆమె కంటికి అది ముఖానికి పట్టిన పెచ్చులా కనిపించి ఉంటుంది.

కాగితం మీద నిలుస్తుందా అన్న రెండో ప్రశ్నకు జవాబు వానాకాలం చెప్పింది. చెమ్మకు కాగితం ఉబ్బింది, ఎండిన ఆకు దానితోపాటు సాగలేక చిట్లింది, మైదా వాసనకు వెండిచేపలనే కాగితం పురుగులు పట్టాయి. పుస్తకాలు కుట్టేవారు మైదా అంబలిలో మైలుతుత్తం కలిపేది ఈ పురుగు బాధ తప్పించుకోవడానికే. అయితే అది విషం. పిల్లలు తిరిగే ఇంట్లో దాని జోలికి వెళ్లకండి.

రెండోసారి చేసినప్పుడు ముఖాన్ని బొగ్గు గీతలకే వదిలేశాను. బీడీ ఆకు కత్తిరించడానికి వాడే రేకు కొలతకు చిన్నమ్మే కత్తిరించి ఇచ్చిన ఏడు ఆకు ముక్కలను అద్దుడు కాగితాల మధ్య పెట్టి, బరువు కింద మూడు వారాలు ఉంచి, మధ్యమధ్య కాగితాలను మార్చాను. ఆకులో తేమ పూర్తిగా పోయాక వెనుక పలుచని టిష్యూ కాగితాన్ని దన్నుగా అతికించి, రెండువైపులా యాక్రిలిక్ మీడియం, అంటే రంగు లేని యాక్రిలిక్ బంక, పూసి, గట్టి అట్టమీద ఆమె చేతులు ఉండవలసిన చోట మాత్రమే అమర్చాను. చేతులను గీయలేదు, ఆకుల అంచులే వేళ్లయ్యాయి. అద్దం బొమ్మకు ఆనకుండా చుట్టూ సందు వదిలి చట్రం కట్టించాను.

పదార్థాల స్వభావాల్లో కొన్నింటిని తొందరగానే చెప్పేస్తాను, ఎందుకంటే వీటిని మీరు చేతులతో చెడగొట్టి నేర్చుకుంటేనే గుర్తుంటాయి. యాక్రిలిక్ మీద నూనె రంగు వేయవచ్చు, నూనె రంగు మీద యాక్రిలిక్ వేస్తే కొన్నాళ్లకు పొరలా ఊడివస్తుంది. మైనం రాసిన చోట నీటిరంగు పట్టదు. నెరిసిన జుట్టుకు, ముడతలకు దీన్ని తెలివిగా వాడుకోవచ్చు. బొగ్గు గీతల మీద ఫిక్సెటివ్, అంటే పొడి రాలకుండా పట్టి ఉంచే ద్రవం, చల్లకుండా బంక పూస్తే ముఖమంతా మసి అవుతుంది. తడి పదార్థాలు నాలుగైదు పొరలు వేయదలిస్తే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) కంటే పలుచని కాగితాన్ని నమ్మవద్దు. దినపత్రిక కాగితంలో లిగ్నిన్ అనే చెక్కలోని పదార్థం ఉంటుంది కాబట్టి వెలుతురుకు, గాలికి పసుపెక్కి పెళుసవుతుంది. పత్రికలోని అక్షరమే ముఖ్యమనుకుంటే దాని నకలును మంచి కాగితంపై తీసుకుని వాడండి. ఆ పసుపెక్కడమే మీకు కావాలంటే, తలపాగా చేసిన విద్యార్థికి బహుశా అదే కావాలేమో, అసలు ముక్కనే ఉంచండి. తెలిసి చేసినదాన్ని నేను తప్పు అనను.

పసుపు సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే వంటింటి రంగులంటే మనందరికీ ముచ్చట. పసుపులో సున్నం కలిపితే ఎర్రనవుతుందని పారాణి చూసిన ప్రతి ఇంటికీ తెలుసు. ఆ ఎరుపు ఎంత నిండుగా ఉంటుందో అంత చపలమైనది. గాలి తగిలి సున్నం తీక్షణత తగ్గినకొద్దీ అది గోధుమ రంగులోకి జారుతుంది, పసుపులోని రంగు పదార్థమేమో వెలుతురుకే వెలిసిపోతుంది. దీపపు మసిని బంకనీటిలో నూరి చేసుకున్న నలుపు మాత్రం తరాలు దాటినా మారదు. నా మాట నమ్మకండి; ఒక అట్టముక్క మీద మీ రంగులన్నీ గీతలుగా పూసి, సగం నల్లకాగితంతో కప్పి, కిటికీలో నెల రోజులు ఉంచి చూడండి.

ఇక మన చుట్టూ ఉన్న వస్తువులు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గాల కింద నూలు కొసలు దొరుకుతాయి, పెంబర్తిలో నగిషీ చెక్కగా మిగిలిన ఇత్తడి రేకు ముక్కలు దొరుకుతాయి. నూలు మనం చెప్పినట్టు వింటుంది, ఇత్తడి వినదు. కాగితం చెమ్మకు పెరిగి తరుగుతుంది, రేకు అలా చేయదు, పైగా నున్నగా ఉండి బంకను పట్టనివ్వదు. అందుచేత రేకును అతికించకుండా, అంచుకు సన్న బెజ్జాలు వేసి తీగతో అట్టకు కుట్టుకోవడం మేలు. కానీ దొరికింది కదా అని వాడవద్దని బతిమాలుతున్నాను. 1934లో మొదలై, తరువాత మూతపడిన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసిన ఒక పెద్దాయన బొమ్మకు నూలు కొస ఒక్కటి చాలు. అక్కడ ఇత్తడికి పని లేదు. ఆయన ఇంట్లో మిల్లు నాటి గుర్తింపు కార్డు ఉండి, ముచ్చటపడి మీ చేతికి ఇచ్చినా దాన్ని కత్తిరించకండి. స్కాన్ చేసుకుని తిరిగి ఇచ్చేయండి. బొమ్మ బాగా రాకపోతే మరొకటి చేయవచ్చు, ఆ కార్డు మరొకటి రాదు.

అసలు ఏమీ అతికించకుండానే మనిషిని, మట్టిని కలపవచ్చని ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం చూపించారు. ఆయన గీసిన స్త్రీల పెద్ద బొట్టు, చీర అంచు, ముక్కు పుల్ల ఇవన్నీ రంగూ గీతా మాత్రమే. అయినా ఆ మనిషి ఏ నేల మనిషో ఎవరూ అడగరు. నేను ఏదైనా అతికించబోయే ముందు, దీన్ని గీయలేనా అని నన్ను నేను అడగడం ఆయన బొమ్మల ముందు నిలబడినప్పుడే అలవాటు చేసుకున్నాను. గీయగలిగితే గీస్తాను. తునికాకు ఈనెలను గీయగలను గానీ, చిన్నమ్మ కత్తెర పడిన అంచును గీయలేను. అందుకే ఆ ఏడు ముక్కలు అక్కడ ఉన్నాయి.

ఆ బొమ్మ ఇప్పుడు ఆమె ఇంట్లోనే, ఆమె కూర్చుని బీడీలు చేసిన చోటికి ఎదురుగోడకు ఉంది. ఆకులు చెక్కుచెదరలేదు. నుదుటి బొట్టును మాత్రం నేను అప్పటికింకా పసుపు సున్నాల ముచ్చట తీరక ఆ ఎరుపుతోనే పెట్టాను; రెండేళ్లకే అది మట్టిమరకలా మిగిలింది. కిందటి దసరాకు వెళ్లినప్పుడు చూస్తే, ఆ మరక ఉన్న చోట, అద్దం పైన, ఒక ఎర్రటి స్టిక్కరు బొట్టు అంటించి ఉంది. ఎవరు పెట్టారని అడిగితే చిన్నమ్మ నవ్వి ఊరుకుంది. బంక ఎండి అది రాలినప్పుడల్లా మరొకటి తీసి పెడుతోందని మా మరదలు చెప్పింది.