పాట తీయడానికి ముందు కావలసింది స్పీకరు

శ్రోతలకు నమస్కారం.

కళాశాల విద్యార్థులు సొంతంగా ఒక పాటను వీడియోగా తీయాలనుకుంటే మొదట చర్చకు వచ్చేది కెమెరా. ఏ కంపెనీది తీసుకోవాలి, రోజుకు అద్దె ఎంత అని వారాల తరబడి వాదించుకుంటారు. స్పీకరు మాత్రం షూటింగు నాటి ఉదయం హాస్టలులో ఎవరి గదినుంచో వస్తుంది. నన్నడిగితే ఈ వరుస తిరగబడాలి. పాటకు ముందు స్పీకరు, ఆ తరువాతే కెమెరా.

మన సినిమాల్లో పాట ముందే రికార్డవుతుంది, షూటింగులో దానిని వినిపిస్తుంటే నటులు పెదవులు కలుపుతారు. టేపుల కాలంలో నాగ్రా అనే టేపు రికార్డరు చేసిన ఆ పనిని నేడు ఒక ఫోను, ఒక గట్టి స్పీకరు చేస్తాయి. ఆ స్పీకరును నటులకు దగ్గరగా పెట్టాలి. సెకనుకు 25 ఫ్రేములు, అంటే 25 విడివిడి బొమ్మలు, తీసేటప్పుడు ఒక్కో ఫ్రేముకు పట్టే సమయంలో ధ్వని సుమారు 14 మీటర్లే ప్రయాణిస్తుంది కనుక, స్పీకరు అంత దూరంలో ఉంటే పెదవులు ఒక ఫ్రేము వెనకబడతాయి.

ఇక నాకెంతో ఇష్టమైన షాటు ఒకటి చెబుతాను. అమ్మాయి పాడుతూ నడిచి వస్తుంది. ఓణీ, జుట్టు గాలిలో నెమ్మదిగా తేలుతుంటాయి, పెదవులు మాత్రం పాటతో సరిగ్గా కలుస్తాయి. చూసినవారు ఇదేదో ఖరీదైన కంప్యూటరు పని అనుకుంటారు. నిజానికి ఇందులో ఉన్నది చిన్న లెక్క. 20 సెకన్ల చరణాన్ని రెట్టింపు వేగంతో వినిపిస్తే అది 10 సెకన్లలో ముగుస్తుంది. ఆ 10 సెకన్లను సెకనుకు 50 ఫ్రేముల చొప్పున తీస్తే 500 ఫ్రేములు వస్తాయి, వాటిని ఎడిటింగులో సెకనుకు 25 చొప్పున నడిపిస్తే మళ్ళీ 20 సెకన్లవుతాయి. నడక సగం వేగానికి తగ్గుతుంది, పెదవులు అసలు పాటతో కలుస్తాయి. పాట వేగాన్ని పెంచినా శ్రుతి మారకుండా ఉంచే యాప్‌లు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతాయి కనుక మాటలు స్పష్టంగానే వినబడతాయి. అయినా నెమ్మదిగా సాగే పాటనే ఎంచుకోవాలి, హుషారు పాటను రెట్టింపు వేగంతో పాడటం ఏ నోటికీ సాధ్యం కాదు. రెట్టింపు వేగంతో పాడుతున్న మనిషిని చూస్తే యూనిట్ అంతా నవ్వుతుంది, కాబట్టి నవ్వులన్నీ రిహార్సల్లోనే అయిపోనివ్వాలి.

ఈ షాటుకు కావలసింది 50 ఫ్రేములు తీయగల కెమెరా. ఇప్పుడు చాలా ఫోన్లు అంతకంటే ఎక్కువే తీస్తాయి, కానీ సాధారణంగా అవి 30, 60 ఫ్రేముల లెక్కలో ఉంటాయి. వాటిని 25, 50కి మార్చి, షూటింగు పొడవునా అదే లెక్కలో ఉంచాలి. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తాలది కావడంతో ట్యూబులైటు వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. షట్టరు, అంటే ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుగును తీసుకునే సమయం, అందుకు పొసగకపోతే తెరమీద వెలుగు పట్టీలు పట్టీలుగా కదులుతుంది. 25 ఫ్రేములకు షట్టరును సెకనులో 50వ వంతు, 50 ఫ్రేములకు 100వ వంతు పెడితే ఆ బెడద ఉండదు. ఎండలో ఈ షట్టరుకు వెలుగు ఎక్కువవుతుంది, అందుకు లెన్సుముందు పెట్టి వెలుగును తగ్గించే ఎన్.డి. ఫిల్టరు అద్దెకు తెచ్చుకోవాలి. ముఖంమీద నీడలకు పెద్ద లైట్లెందుకు, ఎండను మళ్ళించే తెల్లటి థర్మోకోల్ షీటు ఒకటి చాలు.

కెమెరా మైకును ఎవరూ ఆపకూడదు. అందులో పడిన పాట చివరి వీడియోలో ఉండదు, నిజమే, కానీ ఎడిటింగు బల్లదగ్గర షాటును అసలు పాటకు జతపరచడానికి అదే ఆధారం. దానికి తోడు, ఫోనులోకి ఎక్కించే పాటకు ముందు మూడు టక్కు శబ్దాలు చేర్చుకుంటే నటులకు ఎత్తుగడ తెలుస్తుంది, ఎడిటరుకు గుర్తు దొరుకుతుంది.

చివరిగా షూటింగు క్రమం. ట్రైపాడ్‌మీద కెమెరా నిలిపి, పాటను మొదటినుంచి చివరిదాకా మామూలు వేగంతో ఒకే షాటుగా ముందు తీసుకోండి. కెమెరా కుదుపులను ఆపే గింబల్ పట్టుకుని నడుస్తూ తీసే షాట్లు, ఇందాక చెప్పిన రెట్టింపు వేగపు షాటు ఆ తరువాత. మధ్యలో బ్యాటరీ అయిపోయినా, వాన పడినా, ఎడిటింగులో ఖాళీ పడిన చోటల్లా ఆ మొదటి షాటునే అతకవచ్చు.