లారీ హ్యాండ్ బ్రేక్ వదలట్లేదా? ముందు పుష్ రాడ్ చూడండి

[తెరపై: ఆగి ఉన్న పది టైర్ల లారీ, వెనక చక్రం పక్కన కెమెరా]

హ్యాండ్ బ్రేక్ రిలీజ్ చేశారు, గేరు వేశారు, క్లచ్ వదిలారు. బండి గునిసి అక్కడే నిలబడింది. అలాంటప్పుడు యాక్సిలరేటర్ తొక్కి లాగించకండి. క్లచ్ ప్లేటో, యాక్సిల్ షాఫ్టో పోతుంది, బ్రేక్ మాత్రం వదలదు.

ఎయిర్ బ్రేక్ బండిలో కాలి బ్రేక్‌ను గాలి పట్టిస్తుంది. హ్యాండ్ బ్రేక్ లెక్క దానికి తలకిందులు. పట్టేది స్ప్రింగు, వదిలించేది గాలి. వెనక చక్రాల దగ్గర జంట డబ్బాలా కనిపించే యాక్చువేటర్‌లో వెనక భాగంలో ఉంటుంది ఆ స్ప్రింగు. దాన్ని పూర్తిగా వెనక్కి నొక్కి ఉంచాలంటే చాలా బండ్లలో 5 నుంచి 6 బార్ గాలి కావాలి. అందుకే మన మొదటి ప్రశ్న ఒక్కటే: స్ప్రింగు దాకా గాలి చేరిందా, లేదా?

కిందికి దూరే ముందు, బండి ముందు చక్రాలకు రెండు వైపులా పెద్ద చెక్క దిమ్మెలు పెట్టండి. చిన్న రాయి లోడు బండిని ఆపదు. బ్రేక్ హఠాత్తుగా వదిలితే బండి కదిలేది మీ మీదికే.

[తెరపై: పుష్ రాడ్, స్లాక్ అడ్జస్టర్ దగ్గరగా]

ఒకరు క్యాబిన్‌లో హ్యాండ్ బ్రేక్ వేసి, తీయాలి. ఇంకొకరు పక్క నుంచి టార్చి వేసి పుష్ రాడ్, అంటే ఆ డబ్బాలోంచి బయటికొచ్చే కడ్డీ, చూడాలి. బ్రేక్ తీయగానే రాడ్ అంగుళానికి అటూఇటూగా డబ్బాలోకి వెనక్కి వెళ్లాలి.

ఏ చక్రం దగ్గరా కదల్లేదంటే గాలి రావట్లేదు. గేజీలో ముళ్లు రెండూ నిండుగా ఉన్నాయని ధీమా పడొద్దు, మామూలుగా అవి కాలి బ్రేక్ సర్క్యూట్లవి. హ్యాండ్ బ్రేక్‌కు గాలి, ఒక్కో సర్క్యూట్‌కు గాలి పంచే సిస్టమ్ ప్రొటెక్షన్ వాల్వ్‌లో వేరే దారిన వస్తుంది. ఆ దారి మూసుకుపోతే గేజీ నిండుగానే చూపిస్తుంది, బ్రేక్ మాత్రం పట్టే ఉంటుంది. పరీక్ష తేలిక. హ్యాండ్ బ్రేక్ రిలీజ్ చేసి పది సెకన్లు ఆగి, మళ్లీ వేయండి. బుస్సుమని గాలి బయటికొస్తే లైన్లోకి గాలి వెళ్తోంది. చప్పుడే లేకపోతే ప్రొటెక్షన్ వాల్వో, హ్యాండ్ బ్రేక్ వాల్వో చూడాలి. చలికాలంలో కశ్మీర్ వైపు లోడుకెళ్లే బండ్లకు ట్యాంకులో నీరు వాల్వులో గడ్డకట్టినా ఇదే జరుగుతుంది. రోజూ ట్యాంకు డ్రెయిన్ చేస్తే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

ఒక్క చక్రం దగ్గరే కదల్లేదంటే దాని హోస్ నొక్కుకుపోయిందేమో చూడండి. హోస్ బాగుంటే అనుమానం యాక్చువేటర్ లోపలి సీలు మీదే. బ్రేక్ రిలీజ్‌లో ఉన్నంతసేపూ కాలి బ్రేక్ వాల్వ్ లేదా రిలే వాల్వ్ ఎగ్జాస్ట్ (గాలి బయటికి వదిలే రంధ్రం) నుంచి గాలి కారుతూ, హ్యాండ్ బ్రేక్ వేయగానే ఆగిపోతే ఆ సీలే పోయింది. ఇక డ్రమ్ములో లైనర్లను విప్పార్చే ఎస్ క్యామ్ షాఫ్ట్ బుష్ గ్రీజు లేక బిగుసుకున్నా రాడ్ సగంలో ఆగుతుంది. గాలి అందుతోందని తేలాకే పుష్ రాడ్‌ను క్యామ్ షాఫ్ట్‌కు కలిపే చెయ్యి, అంటే స్లాక్ అడ్జస్టర్ మీద సుత్తితో మెల్లగా కొట్టండి. రాడ్ వెనక్కి జారితే తప్పు క్యామ్‌ది.

[తెరపై: డ్రమ్ము, లైనర్లు]

రాడ్ వెనక్కి వెళ్లింది, చక్రం మాత్రం తిరగట్లేదు. అంటే లైనర్లు (డ్రమ్మును రాసి ఆపే బ్రేక్ పట్టీలు) డ్రమ్మును పట్టుకున్నాయి. వానలో తడిసో, కడిగాక ఆరకుండానో రోజుల తరబడి హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచితే తుప్పు రెంటినీ అతికిస్తుంది. విశాఖ, కృష్ణపట్నం పోర్టుల దగ్గర ఉప్పుగాలిలో ఇంకా త్వరగా. దోర్నాల ఘాట్ లాంటి దారి దిగి, కాలుతున్న డ్రమ్ము మీద వెంటనే హ్యాండ్ బ్రేక్ వేసినా ఇదే తంటా: డ్రమ్ము చల్లారి ముడుచుకుని లైనర్లను బిగిస్తుంది. సమతలం మీద చక్రాలకు దిమ్మెలు పెట్టి, కాసేపు చల్లారాక వేయండి.

అతుక్కున్నవాటిని విడదీయడానికి డ్రమ్ము అంచు మీద చుట్టూ సుత్తితో తట్టండి. దిమ్మెలు అడుగు దూరం జరిపి, ఫస్ట్ గేరు, రివర్స్ మార్చి మార్చి మెల్లగా కదపండి. మంట మాత్రం పెట్టకండి. హబ్ గ్రీజు, సీలు, టైరు అన్నీ అక్కడే ఉన్నాయి.

[తెరపై: యాక్చువేటర్ వెనక బోల్టు]

గాలి ఎక్కే దారే లేదు, బండిని పక్కకు లాగాలి. అప్పుడే మెకానికల్ రిలీజ్. చాలా యాక్చువేటర్లకు వెనక చివర బోల్టు అమర్చే ఉంటుంది, మామూలుగా 24 ఎంఎం స్పానర్ పడుతుంది. యాంటీ క్లాక్‌వైజ్ తిప్పితే స్ప్రింగు ముడుచుకుంటుంది. కొన్ని రకాల్లో బోల్టు విడిగా, డబ్బా పక్కనున్న జేబులాంటి గూటిలో ఉంటుంది. వెనక రబ్బరు మూత తీసి, బోల్టు దూర్చి, పావు వంతు తిప్పి లాక్ చేసి నట్టు బిగించాలి. చేతి స్పానరే వాడండి. ఇంపాక్ట్ గన్ పెడితే మరలు ఊడి బోల్టు చెడుతుంది. కొద్దిగా గాలి ఉన్నా ముందు ఎక్కించండి, పని తేలికవుతుంది.

డబ్బా చుట్టూ బిగించిన రింగు జోలికి పోకండి. లోపలి స్ప్రింగు టన్నుకు దగ్గరగా తోస్తుంటుంది. రింగు విప్పితే మూత తూటాలా వస్తుంది, ప్రాణాలు పోతాయి. యాక్చువేటర్ పాడైతే బోల్టుతో స్ప్రింగు ముడిచాకే మొత్తంగా మార్చాలి.

బోల్టుతో వదిలించిన చక్రానికి ఇక హ్యాండ్ బ్రేక్ లేదు. దిమ్మెలు లేకుండా బండి వదిలి వెళ్లొద్దు. రిపేరు అయ్యాక గాలి నిండా ఎక్కించి, హ్యాండ్ బ్రేక్ రిలీజ్‌లో ఉండగా బోల్టు మళ్లీ యథాస్థానానికి తిప్పి, రబ్బరు మూత పెట్టండి. ఆ తర్వాత హ్యాండ్ బ్రేక్ వేసి, దిమ్మెలు పూర్తిగా తీయకుండా అడుగు దూరం జరిపి, ఫస్ట్ గేరులో మెల్లగా క్లచ్ వదిలి చూడండి. బండి కదలకూడదు.