మనవాళ్ళు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఎవర్ని, ఏమని అడగాలి?

నమస్కారం. నెల్లూరు పొగతోటలోని ప్రైవేటు ఆసుపత్రుల్లోనో, ఒంగోలు జీజీహెచ్‌ (ప్రభుత్వ పెద్దాసుపత్రి)లోనో మీవాళ్ళెవరైనా అడ్మిట్ అయి ఉంటే ఈ వీడియో మీకోసమే. "డాక్టర్ గారు ఏమీ చెప్పడం లేదు", "పిలిస్తే సిస్టర్ రావడం లేదు", "రోజూ టెస్టులు రాస్తున్నారు, ఎందుకో తెలీదు". మంచం పక్కన కూర్చున్నవాళ్ళ బాధ ఇదే. గట్టిగా అడిగితే పేషెంట్‌ని సరిగా చూడరేమోనన్న భయం ఒకటి. భయపడకండి, అడగండి. అరవకుండా అడగండి. వార్డంతా ఒక్క సిస్టరే చూసుకునే రాత్రులు ఉంటాయి.

(తెర మీద: వరండాలో డాక్టర్ చుట్టూ మూగిన బంధువులు)

పొద్దున కొడుకు అడుగుతాడు. సాయంత్రం ఉదయగిరి నుంచి వచ్చిన అల్లుడు మళ్ళీ అదే అడుగుతాడు. ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమై, రాత్రికి ఇంట్లో గొడవ. అందుకే డాక్టర్‌తో మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి. చేతిలో ఒక నోట్‌బుక్ ఉండాలి. ఎవరు ఏం చెప్పారు, ఏ మందు మార్చారు, తేదీ, టైముతో సహా రాసుకోండి. రౌండ్స్‌కి వచ్చినప్పుడు జబ్బు ఏమిటని అనుకుంటున్నారో, ఈ టెస్టుతో ఏం తేలుతుందో అడగండి. "మాకు ఏం కనబడితే వెంటనే మీకు చెప్పాలి సార్?" అని కూడా అడగండి.

ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. నిన్నటిదాకా మనవళ్ళని పేరుపెట్టి పిలిచిన పెద్దాయన రాత్రికి రాత్రి ఎవర్నీ గుర్తుపట్టకుండా ఏదేదో మాట్లాడుతుంటే, "వయసైంది కదా" అని ఊరుకుంటాం. ఊరుకోకూడదు. ఉన్నట్టుండి వచ్చే అయోమయం వెనక ఇన్ఫెక్షనో, రక్తంలో సోడియం అనే లవణం తగ్గడమో, కొత్తగా మొదలుపెట్టిన మందో ఉండొచ్చు. కొన్ని బీపీ మాత్రలకి కూడా సోడియం పడిపోతుంది. అందుకే ఇంట్లో వాడే స్ట్రిప్పులన్నీ సంచిలో వేసి తెచ్చి చూపించండి. "పొద్దున పూట తెల్ల మాత్ర" అంటే ఎవరికీ అర్థం కాదు. డ్యూటీ డాక్టర్ ఆయన్ని చూసింది ఇవాళే, మామూలుగా ఎలా ఉంటారో తెలీదు. "మధ్యాహ్నం దాకా బాగానే మాట్లాడాడు, రాత్రి తొమ్మిది నుంచి ఇలా ఉన్నాడు" అన్న మాట చెప్పగలిగేది మీరే.

(తెర మీద: మడమ, నడుం కింద తోక ఎముక భాగం)

మంచాన పడ్డవాళ్ళయితే రోజూ దుప్పటి తీసి మడమలు, తోక ఎముక దగ్గర చూడండి. వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోలేదంటే అక్కడ పుండు మొదలవుతున్నట్టే. మామూలుగా రెండు గంటలకోసారి పక్క మార్చమంటారు. మీవాళ్ళని ఎలా తిప్పాలో సిస్టర్‌ని అడిగి నేర్చుకోండి. సెలైన్ సూది చుట్టూ వాచినా, మంటగా ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు.

చెప్పినా పట్టించుకోకపోతే? ముందు డ్యూటీ డాక్టర్, తర్వాత పెద్ద డాక్టర్, ఆ తర్వాత సూపరింటెండెంట్ లేదా మేనేజ్‌మెంట్. కాగితం మీద రాసిచ్చి, రెండో కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి. ప్రైవేటు ఆసుపత్రుల మీద డీఎంహెచ్ఓకి, అంటే జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి, ఫిర్యాదు చేయొచ్చు, వాటి రిజిస్ట్రేషన్ చూసేది ఆ ఆఫీసే. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరినా డబ్బులడిగితే, ఆ పథకం తరఫున ఆసుపత్రిలో ఉండే వైద్యమిత్రకి చెప్పండి, లేదా 104కి ఫోన్ చేయండి. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందకొస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మీరు వినియోగదారుల కేసు వేయాలంటే రెండేళ్ళ లోపు వేయాలి. ఇన్ని మెట్లు ఎక్కాల్సిన అవసరం చాలామందికి రాదు. వస్తే మాత్రం మీ నోట్‌బుక్కే ఆధారం.

ఇక మన జిల్లాల్లో తరచూ జరిగేది, "చెన్నై తీసుకెళ్ళండి" అనడం. ఆ మాట డాక్టరే అంటే, కారణం రాసిన రెఫరల్ లెటర్ అడగండి. "మా ఇష్టం మీద తీసుకెళ్తున్నాం" అన్న కాగితం ముందు పెడితే చదవకుండా సంతకం చేయొద్దు. వైద్య రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి. అయితే అంబులెన్స్ అంతసేపు ఆగదు కదా. కాబట్టి డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్ ఫిల్ములు, ఆఖరి ఇంజెక్షన్ ఏది, ఎన్ని గంటలకిచ్చారన్న చీటీ బండి ఎక్కేముందే చేతికి తీసుకోండి. నాయుడుపేట దాటాక ఫోన్ చేసి అడిగితే ఆ రాత్రికి అవి దొరకవు.