రంగు చూసి పసుపు కొనొద్దండప్పా

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు గానీ, భోజనాల వేళయింది, వాళ్లే మన్నిస్తారు.

పసుపు ఔషధ గుణాల మీద మాట్లాడమన్నారు. పసుపులో మందు పని చేసేది ముఖ్యంగా కర్కుమిన్, కొమ్ములో నూటికి మూడు పాళ్లు అటూ ఇటూ ఉంటుంది. వాపు తగ్గించే గుణం దానిదే. కాకపోతే ఒంటికి అంత సులువుగా పట్టదు, మిరియాలు తోడైతే రక్తంలోకి బాగా ఎక్కుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు తేల్చారు. అట్లని మాత్రలు కొని మింగొద్దు, మోతాదు మించి కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు. షుగర్ పుండు మీద పసుపు అద్ది ఇంట్లో కూర్చోవద్దు, డాక్టరు దగ్గరికి పోండి.

గాయానికి పసుపు అన్నది మా కనిపెట్టుడే అని 1995లో అమెరికాలో ఒక యూనివర్సిటీ పేటెంట్ తీసుకుంటే, మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది. అంత కొట్లాడి నిలబెట్టుకున్న పసుపుకు మనమే రంగు పూసుకుంటున్నాం, నా బాధంతా అదే!

నేను మైదుకూరు పక్క రైతును. తొమ్మిది నెలల పంట, తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో ఎండబోసి తీసుకుపోతే ఒక వ్యాపారి కొమ్ము ఫట్‌మని విరిచాడు. లోపల ముదురు నారింజ రంగు, ఘాటైన వాసన. అది చూసి కూడా, పైన మెరుపు లేదని ధర కోసేశాడు. పక్క కుప్ప మెరిసిపోతోంది, పట్టుకుంటే వేళ్లకు పచ్చటి పొడి అంటింది. దాంట్లో ఏం కలిపారో నేను చెప్పలేను గానీ, ఇట్లా మెరుపు కోసం కొన్నిచోట్ల పూసేది లెడ్ క్రోమేట్, అంటే సీసం ఉండే పసుపుపచ్చ రంగు. ఆ సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది.

ఆపలేమా అంటే, బంగ్లాదేశ్ ఆపింది. 2019లో అక్కడి మార్కెట్ పసుపు నమూనాల్లో 47 శాతం సీసం కలిసినవే. తనిఖీలు, జరిమానాలు, ప్రచారం గట్టిగా పెడితే 2021 కల్లా సున్నాకొచ్చింది.

వెనక కూర్చున్న అక్కలూ, మీకే చెప్తున్నా. పచ్చగా మెరిసే పొడి ప్యాకెట్టు కాదు, పాలిష్ పట్టని కొమ్ములున్నాయా అని అంగట్లో అడగండి. లేవంటే రేపూ అడగండి. పదిమంది అడిగితే ఆ అంగడాయనే మాలాంటి రైతుకు ఫోన్ చేస్తాడు.